పదహారేళ్ల అబ్బాయికి ఏ వైద్యం చేయించాలి? ఆరు నెలలు ఉంచుకునే కేంద్రమా, మానసిక వైద్యుడా?

ప్రశ్న
(గుంటూరు జిల్లా నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి 16 ఏళ్లు. పదో తరగతి వరకు మా మండలంలోని జిల్లా పరిషత్ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివి, మంచి మార్కులతో ఉత్తీర్ణుడయ్యాడు. గత జూన్‌లో విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కళాశాలలో ఎంపీసీలో చేర్పించాము. దసరా సెలవులకు ఇంటికి వచ్చినవాడు మళ్లీ కళాశాలకు వెళ్లనన్నాడు. మొదట బతిమాలాము, తరువాత కోప్పడ్డాము, ఒకసారి వాళ్ల నాన్న చేయి కూడా చేసుకున్నారు. ఇప్పటికి మూడు నెలలు గడిచిపోయాయి.

పగలంతా పడుకుంటాడు. రాత్రి తెల్లవారేవరకు ఫోను చూస్తూ ఉంటాడు. మాతో కలిసి భోజనానికి కూర్చోడు, స్నానం చేయమని నాలుగుసార్లు చెప్పాలి. నెల రోజుల క్రితం వాళ్ల నాన్న ఫోను లాక్కుంటే టీవీ పగలగొట్టాడు. పోయిన వారం బట్టలు ఉతకడానికి తీసినప్పుడు చొక్కా చేతికి లోపలివైపు రక్తపు మరకలు కనిపించాయి. నిద్రపోతున్నప్పుడు చూస్తే ఎడమ ముంజేతి మీద వరుసగా గాట్లు ఉన్నాయి. ఈ విషయం ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. హాస్టల్లో గంజాయి అలవాటయ్యిందేమోనని వాళ్ల నాన్నకు అనుమానం.

ఇంట్లో ఎవరి మాట వారిది. మా అత్తగారు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు, మూడు అమావాస్యలు ఒక చోట నిద్ర చేయించాలంటున్నారు. మా ఊరి ఆర్ఎంపీ గారు రాత్రిపూట వేయమని ఆల్ప్రజోలం మాత్రలు ఇచ్చారు. మా వారు ఒక డీ-అడిక్షన్ (మత్తు అలవాటు మాన్పించే) కేంద్రంతో మాట్లాడి పది వేలు బయానా కూడా ఇచ్చారు. వాళ్లు రాత్రిపూట తామే వ్యానులో వచ్చి తీసుకువెళతారట, ఆరు నెలలు ఉంచుకుంటారట, మొదటి రెండు నెలలు తల్లిదండ్రులు చూడటానికి వీల్లేదట. మా తమ్ముడు మాత్రం ముందు మానసిక వైద్యుడికి చూపించమంటున్నాడు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళితే జీవితాంతం మందులు వాడాలని, మెదడు మొద్దుబారుతుందని, రేపు ఉద్యోగానికీ పెళ్లికీ అడ్డమవుతుందని మా బంధువులు భయపెడుతున్నారు.

మేము మిర్చి రైతులం, ఈ ఏడాది చేతిలో డబ్బు అంతంత మాత్రమే. ఒకటే ప్రయత్నం చేయగలిగితే ఏది చేయాలి? వ్యాను వచ్చే ఆదివారం వస్తుందని చెప్పారు. దయచేసి తెలిసినవారు చెప్పండి.

మొదటి సమాధానం
(పదవీ విరమణ చేసిన ఒక మానసిక వైద్యుడు)

అమ్మా, వైద్యం సంగతికి వెళ్లేముందు ఒక మాట అడగాలి. మీరు మిర్చి రైతులమని రాశారు. పురుగుమందు డబ్బాలు ఎక్కడ ఉన్నాయి? వసారాలోనో మంచం కిందో ఉంటే ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యేలోగా వాటిని ఇంటి నుంచి తరలించండి. పొలంలో తాళం వేసిన కొట్టంలో గానీ మీ తమ్ముడి ఇంట్లో గానీ పెట్టి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. ఆర్ఎంపీ గారు ఇచ్చిన మాత్రలూ, ఇంట్లో పెద్దవాళ్ల బీపీ, షుగరు మాత్రలూ కూడా మీ అధీనంలోకి రావాలి. చనిపోవాలన్న తీవ్రమైన ఆలోచన చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది, ఆ కొద్దిసేపు చేతికి ఏదీ అందకపోతే చాలా ప్రాణాలు నిలుస్తాయి. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను దశలవారీగా నిషేధించిన తరువాత అక్కడి ఆత్మహత్యల రేటు ఎంతగానో తగ్గింది. మూడు దశాబ్దాలు గ్రామీణ రోగులను చూసినవాడిగా నేను అన్నింటికంటే ముందు ఇదే చెబుతాను.

రెండో పని, మీరే అతణ్ని అడగాలి. ఇద్దరే ఉన్నప్పుడు, తిట్టకుండా, ఏడవకుండా, “నీ చేతి మీద గాట్లు చూశాను నాన్నా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?” అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని అందరూ భయపడతారు గానీ అది నిజం కాదు. ఎవరో ఒకరు అడిగారన్న ఊరటతో పిల్లలు నోరు విప్పుతారు. అవునని చెప్పి, ఎలాగో ఎప్పుడో కూడా ఆలోచించుకున్నాడని తెలిస్తే ఆదివారం దాకా ఆగవద్దు. ఆ రోజే గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి, అతణ్ని ఒంటరిగా వదలకండి. ఇంటి దగ్గర ఏం చేయాలో తోచని వేళ 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. అది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

ఇక మీ ప్రశ్న. కేంద్రమా, వైద్యుడా, తాయెత్తా అని మీరు అడుగుతున్నారు గానీ, అబ్బాయికి ఉన్న బాధ ఏమిటో ఇంతవరకు ఎవరూ చూడలేదు. జ్వరం వచ్చినప్పుడు అది మలేరియానో టైఫాయిడో తేల్చకుండా మందు వేయము కదా. పగలు నిద్ర, రాత్రి మెలకువ, కోపం, చదువు మీద విముఖత, గాట్లు, ఇవన్నీ కుంగుబాటులో కనిపిస్తాయి. ఈ వయసు పిల్లల్లో కుంగుబాటు దిగులుగా కాకుండా చిరాకుగా, కోపంగా బయటపడటం చాలా మామూలు. అయితే తీవ్రమైన ఆందోళన వ్యాధిలోనూ, చిన్నప్పటి నుంచి ఎవరూ గుర్తించని ఏకాగ్రత లోపంలోనూ, గంజాయి వాడకంలోనూ, మనసు అతి ఉత్సాహానికీ కుంగుబాటుకూ మధ్య ఊగే బైపోలార్ వ్యాధి మొదలయ్యేటప్పుడూ, అరుదుగా సైకోసిస్ (లేనివి వినిపించడం, కనిపించడం వంటి స్థితి) తొలి దశలోనూ ఇలాంటి లక్షణాలే ఉంటాయి. హాస్టల్లో పెద్ద పిల్లల చేతిలో హింసకు గానీ లైంగిక వేధింపుకు గానీ గురైన పిల్లవాడు కూడా ఇలాగే ముడుచుకుపోతాడు. వీటిలో ప్రతిదానికీ వైద్యం వేరు. అందుకే మొదటిసారి మంచి వైద్యుడు మీతో కొంతసేపు, అబ్బాయితో ఒంటరిగా కొంతసేపు మాట్లాడి, థైరాయిడ్, రక్తహీనత, బి12 వంటి పరీక్షలు కూడా రాస్తాడు. అయిదు నిమిషాల్లో మూడు రకాల మాత్రలు రాసి పంపించేస్తే మరొకరి దగ్గరికి వెళ్లడంలో తప్పులేదు.

మందుల గురించి మీ బంధువులు చెప్పిన మాటల్లో భయం ఎక్కువ, నిజం తక్కువ. కుంగుబాటుకు పిల్లల్లో ఎక్కువగా పరిశీలించిన మందు ఫ్లూక్సెటిన్. 2004లో అమెరికాలో 12 నుంచి 17 ఏళ్ల వయసున్న 439 మంది మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో 12 వారాల తరువాత చూస్తే, మందూ ఆలోచనా విధానాన్ని సరిదిద్దే మాటల చికిత్సా రెండూ అందినవారిలో 71 శాతం మందికి, మందు ఒక్కటే తీసుకున్నవారిలో 61 శాతం మందికి, మాటల చికిత్స ఒక్కటే అందినవారిలో 43 శాతం మందికి, పోల్చిచూడటానికి ఇచ్చే, మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 35 శాతం మందికి గుణం కనిపించింది. 36 వారాలకు వచ్చేసరికి చికిత్స పొందిన మూడు వర్గాలూ 80 శాతం దాటాయి. దీన్నిబట్టి నాకు అర్థమయ్యేది ఏమిటంటే, తీవ్రంగా ఉన్నప్పుడు మందు త్వరగా ఆదుకుంటుంది, మాటల చికిత్స నెమ్మదిగా అదే చోటికి చేరుస్తుంది, రెండూ కలిస్తే ఇంకా మేలు. మందు ప్రభావం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, బాగైన తరువాత కూడా కొన్ని నెలలు వాడి, వైద్యుడి సలహాతో మెల్లగా తగ్గించి ఆపేస్తారు. చాలామందికి జీవితాంతం అక్కరలేదు.

ఒక హెచ్చరిక మాత్రం దాచకూడదు. ఈ రకం మందులు మొదలుపెట్టినప్పుడు కొద్దిమంది పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఆ సమీక్షలో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 2 శాతం మందికి, అసలు మందు తీసుకున్నవారిలో 4 శాతం మందికి అలాంటి ఆలోచనలో, ప్రయత్నాలో కనిపించాయి. ఆ పరీక్షల్లో ఒక్కరూ ఆత్మహత్య చేసుకోలేదు. కాబట్టి మందు మానేయడం కాదు, మొదటి నెల వారానికోసారి వైద్యుణ్ని కలవడం దీనికి మార్గం. నిజంగా అలవాటుపడే మందు మీ ఇంట్లో ఇప్పటికే ఉంది. ఆల్ప్రజోలం అలవాటు చేస్తుంది, కల్తీ కల్లులో కలిపేది తరచుగా ఇదే. పిల్లవాడికి నిద్ర కోసం దీన్ని వారాల తరబడి ఇవ్వడం నాకు అసలు నచ్చలేదు. ఎన్నాళ్లుగా వేస్తున్నారో వైద్యుడికి చెప్పండి, ఒక్కసారిగా ఆపకుండా ఆయన చెప్పినట్లు తగ్గించండి.

రెండో సమాధానం
(కరీంనగర్ నుంచి ఒక తండ్రి)

చెల్లెమ్మా, నీ ఉత్తరంలో వ్యాను అన్న మాట చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఆరేళ్ల క్రితం మా ఇంటి ముందుకు కూడా అలాంటి వ్యానే వచ్చింది. మా పెద్దవాడికి అప్పుడు 17 ఏళ్లు. మూడు నాలుగు రోజులు నిద్రపోయేవాడు కాదు, ఆపకుండా మాట్లాడేవాడు, దుకాణంలో డబ్బు తీసి స్నేహితులకు పంచేవాడు, గంజాయి తాగినట్లు కూడా తెలిసింది. అంతా గంజాయి వల్లనేనని నేను తీర్మానించుకున్నాను. రాత్రి పదకొండు గంటలకు నలుగురు మనుషులు వచ్చి, నిద్రపోతున్న పిల్లవాణ్ని చేతులు కట్టి ఎత్తుకుపోయారు. వాడు నన్నే పిలిచాడు. నేను తలుపు పక్కకు జరిగి నిలబడ్డాను.

నాలుగు నెలల తరువాత వాణ్ని చూసినప్పుడు పన్నెండు కిలోలు తగ్గి ఉన్నాడు. గుండు చేయించారు, మరుగుదొడ్లు కడిగించారు, నలభై యాభై ఏళ్ల తాగుబోతులతో పాటు ఒకే హాలులో పడుకోబెట్టారు. ఆ నాలుగు నెలల్లో మానసిక వైద్యుడు ఒక్కసారి కూడా వాణ్ని చూడలేదని తరువాత తెలిసింది. ఇంటికి వచ్చిన రెండు నెలలకే మళ్లీ అదే పరిస్థితి. అప్పుడు హైదరాబాదులో ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకువెళితే, అది బైపోలార్ వ్యాధి అని, గంజాయి దాన్ని ఇంకా రెచ్చగొట్టిందని చెప్పారు. లిథియం అనే మందు మొదలుపెట్టారు. రక్తంలో దాని మోతాదు ఎంత ఉందో, థైరాయిడ్, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో క్రమం తప్పకుండా పరీక్ష చేయిస్తాము. ఇప్పుడు వాడు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాడు. నాతో మాట్లాడటానికి మాత్రం ఏడాదిన్నర పట్టింది.

మంచి డీ-అడిక్షన్ కేంద్రాలు ఉన్నాయి, నేను కాదనను. కానీ రోగిని చూడకముందే ఆరు నెలలు అని చెప్పేవాడు వైద్యం చేస్తాడని నాకు నమ్మకం లేదు. తల్లిని రెండు నెలలు లోపలికి రానివ్వని చోట ఏం జరుగుతుందో తల్లికి ఎలా తెలుస్తుంది? మీ వారిని నేను తప్పుపట్టడం లేదు, ఆయన స్థానంలో నేనూ ఉన్నాను. పది వేలు పోతే పోనివ్వండి.

మూడో సమాధానం
(హైదరాబాదులో పనిచేసే ఒక క్లినికల్ సైకాలజిస్ట్)

డాక్టరు గారు చెప్పినదానికి మాటల చికిత్స గురించి కొంత చేర్చుతాను. మన దగ్గర కౌన్సెలింగ్ అన్న బోర్డు ఎవరైనా పెట్టుకుంటున్నారు. క్లినికల్ సైకాలజిస్ట్‌కు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ నమోదు సంఖ్య ఉంటుంది. అడిగితే చూపించాలి, అడగడం మీ హక్కు. ఏ పద్ధతిలో చికిత్స చేస్తారు, ఎన్ని వారాలు, తల్లిదండ్రులను ఎప్పుడు కలుస్తారు అని కూడా అడగండి. చికిత్స అంటే బాగా చదువుకో, అమ్మానాన్నల మాట విను అని హితబోధ చేయడం కాదు. అలాంటి హితబోధ మీ అబ్బాయి ఇప్పటికే చాలా విని ఉంటాడు.

చేతి మీద గాట్ల గురించి మీరు ఎంత భయపడి ఉంటారో ఊహించగలను. తమను తాము కోసుకునే పిల్లల్లో ఎక్కువమంది ఆ సమయంలో చావును కోరుకోరు. తట్టుకోలేని బాధ ఉప్పెనలా వచ్చినప్పుడు దాన్ని తగ్గించుకునే దారి వాళ్లకు మరొకటి దొరకక అలా చేస్తారు. అయినా, ఇలాంటి పిల్లల్లో మున్ముందు ఆత్మహత్యా ప్రయత్నం జరిగే ప్రమాదం ఎక్కువ కాబట్టి తేలికగా తీసుకోకూడదు. దీనికోసమే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే పద్ధతిని కౌమార వయసుకు తగినట్లు మలిచారు. ఉద్వేగాన్ని గుర్తించడం, ఆ పది నిమిషాలు దాటించడం, ఇంట్లో గొడవ లేకుండా మాట చెప్పడం వంటివి ఇందులో నేర్పుతారు, తల్లిదండ్రులకు కూడా నేర్పుతారు. నార్వేలో 77 మంది పిల్లల మీద 19 వారాలు జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనంలో మామూలు చికిత్స కంటే దీనివల్ల గాట్లు పెట్టుకోవడం బాగా తగ్గింది. పూర్తి పద్ధతిని నడిపేవారు మన జిల్లాల్లో తక్కువే గానీ, అందులోని మెలకువలు తెలిసినవారు దొరుకుతారు.

రాడేమోనన్న భయం ప్రతి తల్లికీ ఉంటుంది. గుడికి వెళదామనో, పంటి నొప్పికి చూపిద్దామనో అబద్ధం చెప్పి తీసుకురాకండి. ఆ అబద్ధం తెలిసిన క్షణం నుంచి వాడు నోరు మూసుకుంటాడు, మా పని అక్కడే ఆగిపోతుంది. “నీకు నిద్ర పట్టడం లేదు, మనసు బాగాలేదు, మాకు సాయం చేయడం చేతకాలేదు, చేతనైన డాక్టరు దగ్గరికి వెళదాం, నచ్చకపోతే మరొకరిని చూద్దాం” అని చెప్పండి. నిద్ర గురించి మొదలుపెడితే చాలామంది ఒప్పుకుంటారు. ఎంతకీ రానంటే మొదటిసారి మీరిద్దరే వెళ్లండి, అది కూడా వైద్యంలో భాగమే.

అబ్బాయి మాతో చెప్పినదంతా మీకు చెప్పము. ప్రాణానికి ముప్పు ఉంటే మాత్రం చెబుతాము. లైంగిక వేధింపు జరిగినట్లు తెలిస్తే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయక తప్పదు, ఆ సంగతి కూడా పిల్లలకు ముందే చెబుతాము.

తాయెత్తు గురించి మీ అత్తగారితో గొడవపడవద్దని నా మనవి. దండం పెట్టుకోవడం వల్ల ఆ పిల్లవాడికి నష్టం లేదు, అవ్వ తనకోసం మొక్కుకుందని తెలిస్తే మంచిదే. కట్టేయడం, కొట్టడం, పస్తులుంచడం, మందులు మాన్పించడం ఉన్న చోటికి మాత్రం పంపకండి.

అడిగిన తల్లి మళ్లీ

మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. పురుగుమందు డబ్బాలు వసారాలోనే ఉన్నాయి. ఆ రాత్రే మా తమ్ముణ్ని పిలిచి ట్రాక్టరులో వాళ్ల ఇంటికి పంపించాను. మరునాడు సాయంత్రం డాబా మీద మిర్చి ఎండబోసిన చోట ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత “రెండుసార్లు అనుకున్నానమ్మా, ఇప్పుడు లేదు” అన్నాడు. నేను ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను. వాడే నా కళ్లు తుడిచాడు.

అప్పుడు ఒక్కొక్కటి చెప్పాడు. కళాశాలలో ప్రతి వారం పరీక్ష పెట్టి మార్కులను బట్టి సెక్షన్లు మారుస్తారట. వీడికి ఇంగ్లిషులో చెప్పే భౌతికశాస్త్రం అర్థంకాక మూడు నెలల్లో మొదటి సెక్షన్ నుంచి చివరి సెక్షన్‌కు వచ్చాడు. లెక్చరరు అందరి ముందూ నిలబెట్టి, మీ నాన్న మిర్చి అమ్ముకుని కట్టిన ఫీజు వృథా అన్నారట. గంజాయి హాస్టలు మేడ మీద స్నేహితులతో రెండుసార్లు తాగాను, ఇంటికి వచ్చాక ముట్టలేదు అన్నాడు. నేను నమ్ముతున్నాను, మా వారు నమ్మడం లేదు. ఆస్పత్రిలో గంజాయి సంగతి చెబితే పోలీసు కేసు అవుతుందని ఆయన భయం. కేంద్రం వాళ్లేమో, మీరు సంతకం పెట్టారు కాబట్టి ఆదివారం పంపక తప్పదు అంటున్నారు. ఇది నిజమా?

నాలుగో సమాధానం
(ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసిన ఒక సాంఘిక కార్యకర్త)

నిజం కాదు. మీరు పెట్టిన సంతకం మీ బిడ్డను బలవంతంగా తీసుకువెళ్లే అధికారాన్ని ఎవరికీ ఇవ్వదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 మే 29 నుంచి అమలులో ఉంది. మద్యం, మత్తుపదార్థాల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులు కూడా దాని కిందికే వస్తాయి, కాబట్టి ఇలాంటి రోగులను చేర్చుకుని చికిత్స చేసే ఏ కేంద్రమైనా నమోదు చేసుకుని తీరాలి. మీ వారిని ఆ కేంద్రానికి ఫోను చేసి నమోదు సంఖ్య ఏమిటో అడగమనండి.

18 ఏళ్లలోపు పిల్లలను చేర్చుకోవడానికి ఆ చట్టంలోని 87వ సెక్షన్ వేరే నియమాలు పెట్టింది. చేర్చుకునే రోజున గానీ అంతకుముందు ఏడు రోజుల్లో గానీ ఇద్దరు మానసిక వైద్యులు, లేదా ఒక మానసిక వైద్యుడూ మరొక వైద్యుడో మానసిక ఆరోగ్య నిపుణుడో విడివిడిగా పిల్లవాణ్ని పరీక్షించి, చేర్చుకోక తప్పదని ఇద్దరూ చెప్పాలి. ఇంటి దగ్గర ఉంచి చేసే వైద్యం ఫలించలేదనో తగదనో తేలాలి. పెద్దవాళ్లతో కలపకుండా వేరుగా ఉంచాలి. అన్నింటికంటే ముఖ్యంగా, అక్కడ ఉన్నన్నాళ్లూ తల్లిదండ్రులో వారు నియమించిన మనిషో పిల్లవాడితోనే ఉండాలి. చేర్చుకున్న 72 గంటల్లో, ఆ చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య సమీక్ష మండలికి తెలియజేయాలి, 30 రోజులు దాటితే మండలి సమీక్షించాలి. ఇప్పుడు మీకు చెప్పిన షరతులను దీని పక్కన పెట్టి చూడండి. రాత్రిపూట వ్యాను, చూడకుండానే ఆరు నెలలు, తల్లికి ప్రవేశం లేకపోవడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటీ చట్టం ముందు నిలవదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయారు. తలుపులు మూసిన చోట ఏం జరుగుతుందో ఎవరికీ కనిపించదు కాబట్టే ఇన్ని నియమాలు పెట్టవలసి వచ్చిందని నేను అనుకుంటాను. ఆదివారం ఎవరైనా బలవంతానికి దిగితే 112కు గానీ పిల్లల సహాయ నంబరు 1098కు గానీ ఫోను చేయండి.

గంజాయి గురించి మీ వారికి ధైర్యం చెప్పండి. వైద్యుడు రోగి చెప్పినదాన్ని గోప్యంగా ఉంచాలి, తాగానని చెప్పినందుకు ఆసుపత్రి కేసు పెట్టదు. మత్తుపదార్థాల చట్టంలోని 64ఎ సెక్షన్ కూడా, వాడినందుకో కొద్ది మొత్తం దగ్గర ఉన్నందుకో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు వస్తే విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. ఆత్మహత్యాయత్నం చేసినవారిని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించి శిక్షించకూడదని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. మత్తుపదార్థాల విషయంలో విడిగా సలహా కావాలంటే 14446 నంబరు ఉంది.

డబ్బు సంగతి. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. మీరు ఆ కేంద్రానికి ఒక నెలకు కట్టబోయే డబ్బుతో మీ అబ్బాయికి చాలా నెలల వైద్యం జరుగుతుంది. అక్కడ తేలకపోతే బెంగళూరు నిమ్‌హాన్స్‌లో పిల్లలకూ కౌమారులకూ ప్రత్యేక విభాగమే ఉంది, అక్కడి వైద్యుల్లో తెలుగు తెలిసినవారు కూడా కనిపిస్తారు. ఆరోగ్య బీమా ఉంటే, శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ వర్తింపజేయాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోంది.

అయిదో సమాధానం
(విశాఖపట్నం నుంచి ఒక యువతి)

అమ్మా, నాకు ఇప్పుడు 23 ఏళ్లు. ఇంటర్ రెండో సంవత్సరంలో నా చేతుల మీద కూడా అలాంటి గాట్లు ఉండేవి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు మా నాన్న తీసుకువెళ్లారు. పద్నాలుగు నెలలు మందులు వాడి, డాక్టరు గారు చెప్పాక మానేశాను. ఒక ఏడాది పోయింది, తరువాత పరీక్షలు రాశాను, డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం చేస్తున్నాను. ఉద్యోగంలో చేరేటప్పుడు ఈ విషయం ఎవరూ అడగలేదు. నాకు మందుల కంటే ఎక్కువగా గుర్తున్నది, ఆసుపత్రి వరండాలో వరుసలో కూర్చున్నప్పుడు మా నాన్న చదువు గురించి ఒక్క మాట కూడా ఎత్తకపోవడం. మీ అబ్బాయికి ఆ కళాశాలకు తిరిగి వెళ్లనక్కరలేదని ముందే చెప్పేయండి. ఆ ఒక్క మాటతో సగం బరువు దిగుతుంది.

అడిగిన తల్లి, పదకొండు రోజుల తరువాత

కరీంనగర్ అన్నయ్య గారు రాసినదాన్ని మా వారికి చదివి వినిపించాను. తలుపు పక్కకు జరిగి నిలబడ్డాననే చోట ఆయన లేచి బయటికి వెళ్లిపోయారు. గంట తరువాత వచ్చి కేంద్రానికి ఫోను చేసి నమోదు సంఖ్య అడిగారు. వాళ్లు చెప్పలేదు. ఆదివారం వ్యాను రావద్దని చెప్పేశారు, పది వేలు తిరిగి రాలేదు.

మంగళవారం ముగ్గురమూ గుంటూరు వెళ్లాము. డాక్టరమ్మ వాడితో ఒక్కడితోనే ముప్పావు గంట మాట్లాడారు. మధ్యస్థం కంటే ఎక్కువ స్థాయిలో కుంగుబాటు ఉందని, సైకోసిస్, బైపోలార్ లక్షణాలు ప్రస్తుతానికి లేవని చెప్పారు. హిమోగ్లోబిన్, బి12 తక్కువగా ఉన్నాయి. ఫ్లూక్సెటిన్ తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, ఆల్ప్రజోలం పది రోజుల్లో తగ్గించి ఆపేయమన్నారు. వారానికోసారి సైకాలజిస్ట్‌ను కలవాలి, రెండు వారాలకోసారి మేమిద్దరమూ కూడా కూర్చోవాలి. మొదటి రెండు రోజులు కడుపులో తిప్పినట్లు ఉందన్నాడు, తరువాత తగ్గింది. నిద్ర ఇంకా సరికాలేదు. గాట్లు కొత్తవి ఒకసారి కనిపించాయి, ఈసారి వాడే వచ్చి చూపించాడు.

ఆ కళాశాలకు ఇక పంపేది లేదని మా వారే వాడికి చెప్పారు. వచ్చే జూన్‌లో మా మండల కేంద్రంలోని ప్రభుత్వ జూనియర్ కళాశాలలో మళ్లీ మొదటి సంవత్సరంలో చేరతానంటే సరేనన్నారు. అత్తగారి తాయెత్తు అలాగే ఉంది. రేపు గురువారం రెండోసారి వెళుతున్నాము, తొలి బస్సుకు లేపమని వాడే అన్నాడు.